ఉప్పునీళ్ళు

పోయినేడు మిరప కోతలప్పుడు మా చెల్లెలికి నా చేత్తో పద్నాలుగు ఇంజక్షన్లు వేశాను. పద్నాలుగూ ఉప్పునీళ్ళే. హాస్పిటల్లో మేం సెలైన్ అంటాం. ఇప్పుడు మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. భోజనాల దగ్గర అందరూ మామూలుగానే మాట్లాడుకుంటారు, నేను కూడా. 

మాది అద్దంకి దగ్గర పల్లె. మా నాన్న చెంచురామయ్య మిరప, కొంచెం పత్తి వేస్తాడు. నా పేరు శివపార్వతి, అద్దంకిలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో నర్సుని. నాకన్నా ఏడేళ్ళు చిన్నది తేజశ్రీ. వెయిట్ లిఫ్టర్. వారంలో నాలుగు రోజులు బస్సెక్కి చీరాల వెళ్ళి అక్కడి అకాడమీలో చేసేది. మిగతా రోజులు మా ఇంటి పక్క రేకుల షెడ్డులో, మిరపకాయలు తొక్కిన గోనె టిక్కీల మధ్య ఓ పాత ఇనప బార్ పెట్టుకుని చేసేది. అది బరువు కింద పడేసినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు అదిరేవి.

దాని ఆటలో క్లీన్ అండ్ జర్క్ అని ఒకటుంటుంది. బరువుని ముందు భుజాల మీదికి తెచ్చుకోవాలి. అక్కడ ఒక్క క్షణం నిలబడి, ఒక్క ఊపున తల మీదికి ఎత్తి నిలబెట్టాలి. మా తేజ ఎనభై ఎనిమిది కేజీలు అలా ఎత్తేది. తొంభై పెడితే భుజాల దాకా వచ్చేది, అక్కడ ఆగిపోయేది. ఆగినప్పుడు దాని కళ్ళు చూశాను నేను. అప్పటిదాకా బార్‌ని చూస్తున్న కళ్ళు ఉన్నట్టుండి ఎక్కడికో పోయేవి. అంతే, వదిలేసేది. ఏడాదిన్నరగా అదే వరస. జాతీయ పోటీల్లో పతకం వస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని ఇంటిల్లిపాదీ దాని మీదే ఆశ పెట్టుకున్నాం.

జనవరి మొదట్లో కోచ్ లక్ష్మీకాంత్ నాకు ఫోన్ చేశాడు. "సిస్టర్, ఒకసారి అకాడమీకి రండి. తేజ గురించి మాట్లాడాలి."

సెలవు రోజు చూసుకుని వెళ్ళాను. ఒకప్పుడు మరమగ్గాలు నడిచిన షెడ్డు అది. మగ్గాలు తీసేసి నేల మీద రబ్బరు పరిచారు. గోడలకి దూది నూగు ఇంకా అంటుకునే ఉంది. చెమట, నొప్పుల స్ప్రే, ఏనాటిదో గంజి, అన్నీ కలిసిన వాసన. ఆయన బల్ల ముందు కూచుని ఉడకబెట్టిన గుడ్లు తింటున్నాడు. తెల్లసొన నోట్లో వేసుకుని, పచ్చసొన వేలితో తోడి డబ్బా మూతలో పడేస్తున్నాడు. అదే చేత్తో తేజని దగ్గరికి పిలిచి, దాని భుజం నొక్కి నాకు చూపించాడు, సంతలో గిత్త మూపురం చూపించినట్టు.

"బలం ఉందండి, లేకపోలేదు. లోపల సరుకు చాలట్లేదు."

"సరుకంటే ఏంటండీ?"

సొరుగులోంచి మూడు చిన్న సీసాలు తీసి బల్ల మీద పెట్టాడు. లేబుళ్ళు గీకేసి ఉన్నాయి. లోపల పసుపు రంగు నూనె.

"వారానికి రెండు. పోటీలకి ముందు ఎప్పుడు ఆపాలో నేను చెప్తాను. బయటివాళ్ళ చేత వేయించడం నాకిష్టం లేదు. మీరు సొంత అక్క, పైగా నర్సు."

అవి ఏంటో నాకు చూడగానే తెలిసింది. మగ హార్మోను. తేజని బయటికి తీసుకొచ్చి, రోడ్డు పక్కన నిలబెట్టి చెప్పాను. గొంతు మగాళ్ళ గొంతులా అవుతుందని, మొహాన వెంట్రుకలు వస్తాయని, నెలసరి ఆగిపోతుందని, లివర్ పాడవుతుందని. అది నేల చూస్తూ విన్నది.

"తెలుసక్కా. వాడేవాళ్ళందరికీ తెలుసు."

"తెలిసీనా?"

"ఏడాదిన్నర నుంచి రోజూ తొంభై దగ్గర చచ్చిపోతున్నాను. నువ్వు వెయ్యకపోతే బుల్లయ్య చేత వేయించుకుంటాను."

బుల్లయ్య మా ఊళ్ళో డాక్టరు. డాక్టరంటే పరీక్ష పాసైనవాడు కాదు. స్టీలు డబ్బాలో సూదులు వేడినీళ్ళలో ముంచి, అదే సూది పదిమందికి పొడిచే రకం. అతని చేతిలో పడకూడదని అనుకున్నాను. ఆ సీసాలు బ్యాగులో వేసుకున్నాను. బస్సులో ఇంటికొస్తుంటే నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. ఆ రోజు నన్ను చూసి నేనే మురిసిపోయాను.

ఇంటికి రాగానే నూనె మొత్తం మోరీలో పోసేశాను. ఖాళీ సీసాలు కడిగి దాచాను. మర్నాడు హాస్పిటల్ నుంచి సెలైన్ సీసా ఒకటి తెచ్చుకున్నాను. తేజని మంచం మీద బోర్లా పడుకోబెట్టి, అటు తిరిగి సిరంజిలోకి ఒక సీసీ తీశాను. కావాలనే లావు సూది పెట్టాను. నూనె మందు సన్న సూదిలోంచి దిగదు, తేజ ఆ మాట ఎక్కడైనా విని ఉంటుంది కదా. మెల్లగా, చాలాసేపు పట్టేట్టు ఎక్కించాను.

"మంటగా ఉందక్కా," అంది దిండులో మొహం పెట్టుకుని.

"ఉంటుంది. నూనె కదా," అన్నాను.

రెండో రోజుకి అక్కడ గడ్డ కట్టిందని పట్టుకుని చూపించింది. నాకేం తగల్లేదు. "అవును, కట్టింది," అన్నాను. వేడినీళ్ళ కాపడం కూడా పెట్టాను.

మూడో వారంలో ఒక ఆదివారం. కల్లంలో కాయ ఎండపోసి ఉంది, కూలీలు తాలుకాయలు ఏరుతున్నారు. నేను షెడ్డు గడపలో కూచుని ఉన్నాను. తేజ బార్‌కి తొంభై పెట్టింది. చేతులకి సుద్దపొడి రుద్దుకుంది. భుజాల మీదికి తెచ్చుకుంది. నిలబడింది. నేను దాని కళ్ళే చూస్తున్నాను. ఈసారి అవి ఎక్కడికీ పోలేదు. ఎదర గోడ మీద బల్లిని చూస్తున్నట్టు తిన్నగా చూసి, ఎత్తేసింది. కాళ్ళు దగ్గరికి తెచ్చుకుని నిలబడింది కూడా. దింపాక అరవలేదు, గెంతలేదు. నా వైపు తిరిగి, తుంటి మీద సూది దిగిన చోట అరచేత్తో తట్టుకుని నవ్వింది.

ఆ వారమే తొంభై రెండు. తర్వాతి వారం తొంభై నాలుగు.

ఇక ఇంట్లో దాని తీరే మారిపోయింది. నాలుగు ముద్దలు ఎక్కువ తినేది. కోతకొచ్చిన ఆడవాళ్ళ మీద ఊరికే కస్సుమనేది. చెంప మీద ఒక మొటిమ వస్తే అద్దం పట్టుకొచ్చి నాకు చూపించింది. "మొదలయ్యాయక్కా," అంది, భయమూ సంతోషమూ కలిపి. ఒంట్లో రక్తం కుతకుతలాడుతోందని చెప్పింది. గడ్డం కింద చెయ్యి పెట్టి తడుముకునేది. అక్కడ ఏమీ లేదు. నేను "కొద్దిగా ఉంది, పర్లేదులే" అన్నాను. అలా ఎందుకన్నానో అప్పుడు నన్నడిగితే, దాని నమ్మకం చెదరకూడదని చెప్పేదాన్ని. అది నిజం కాదు. నాకు బాగుంది. ఒక సీసీ ఉప్పునీళ్ళతో దాన్ని నవ్విస్తున్నాను, కోపం తెప్పిస్తున్నాను, దాని మొహాన లేని వెంట్రుకలు మొలిపిస్తున్నాను. హాస్పిటల్లో ఏ పెద్ద డాక్టరూ ఇంత పని చేయడం నేను చూడలేదు. నా పనితనం ఎవరికీ చెప్పుకోలేకపోతున్నానే అన్న బాధ ఒక్కటే ఉండేది.

ఫిబ్రవరి చివర గుంటూరులో రాష్ట్ర పోటీలు. ఆ పొద్దున లాడ్జి గదిలో పద్నాలుగో ఇంజక్షన్ వేశాను. పోటీకి పది రోజుల ముందే ఆపాలన్నది కోచ్ లెక్క. ఒకటి ఎక్కువ కావాలని తేజే బతిమాలింది, నీళ్ళే కదా అని వేశాను. ఆ మధ్యాహ్నం అది తొంభై ఏడు ఎత్తింది. బంగారు పతకం. నాన్న కండువాతో మొహం కప్పుకుని ఏడ్చాడు. ఆయన ఏడవడం అదే మొదలు నేను చూడటం. ఆ ఏడు మిరప ధర పడిపోయి, కాయ అమ్మాలో కోల్డ్ స్టోరేజీలో పెట్టాలో తేలక మనిషి సగమయ్యాడు. లక్ష్మీకాంత్ నా పక్కకొచ్చి నిలబడి, పెదవులు కదలకుండా, "చూశారా సిస్టర్, మన సరుకు," అన్నాడు. నేను నవ్వాను.

ఆ నవ్వు ఎంత దూరం పోయిందో నాకు మార్చి రెండో వారంలో తెలిసింది. తేజ మర్చిపోయిన షూ ఇవ్వడానికి అకాడమీకి వెళ్ళాను. బల్ల ముందు పదహారేళ్ళ పిల్ల ఒకతె నిలబడి ఉంది. శ్రీదివ్య, వాడరేవు నుంచి వస్తుంది. తేజ దాని గురించి ఇంట్లో చెబుతుండేది, చేపల బుట్టలు మోసిన మెడ అని, మంచి ఒడుపు అని. లక్ష్మీకాంత్ ఆ పిల్ల టిఫిన్ డబ్బాలో దూది పరిచి రెండు సీసాలు పెడుతున్నాడు. లేబుళ్ళు గీకేసినవి.

"తేజ అక్క ఏం వాడిందో అదే," అని ఆ పిల్లతో అంటున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. "ఇదుగో, అక్కగారే వచ్చారు. అడుగు, తేజ ఎన్ని వారాల్లో పెరిగిందో."

ఆ పిల్ల నా వైపు చూసింది, దేవుడి గదిలో పటం వైపు చూసినట్టు. నేను తనని బయటికి పంపించి తలుపు దగ్గరగా వేశాను.

"సార్, నేను తేజకి వేసింది సెలైన్. మీ మందు మొదటి రోజే మోరీలో పోశాను."

 కోపం వస్తుందనుకున్నాను. నవ్వొచ్చింది ఆయనకి. నిజంగానే, పొట్ట కదిలేట్టు.

"తర్వాత ఇచ్చినవి కూడానా?"

"అన్నీ."

"వేస్టు చేశారు. సరే. ఈ మాట ఇక్కడితో వదిలెయ్యండి."

"ఆ పిల్లకి అది ఇవ్వకండి. పదహారేళ్ళు దానికి."

"సిస్టర్, కూచోండి. మీరు నీళ్ళు వేశారో, మందు వేశారో చూసినవాడెవడు? మీ చేత్తో వేశారు. లైసెన్సు మీది, పేరు మీ చెల్లెలిది. రేపు మీరు బజార్న పడి అరిచారనుకోండి, మెడల్ వెనక్కి పోయేది తేజది, ఉద్యోగం పోయేది మీది. నేనేం చేశాను? పిల్లలకి బరువులెత్తడం నేర్పాను." డబ్బా మూత తీసి గుడ్డు నా ముందుకి జరిపాడు. "తినండి."

బయటికొచ్చి మురిక్కాలవ పక్కన నిలబడ్డాను. శ్రీదివ్య అప్పటికే వెళ్ళిపోయింది. 

ఆ ఆదివారం వాడరేవు వెళ్ళాను. శ్రీదివ్య వాళ్ళమ్మ పున్నమ్మ ఇసుక మీద వలలు పరిచి చేపలు ఎండబెడుతోంది. ఆవిడకి కాస్త ఎగువన, కార్లలో వచ్చినవాళ్ళు అలల్లో నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. నేనెవరో చెప్పగానే లేచి చేతులు చీరకి తుడుచుకుంది. "తేజమ్మ వాళ్ళ అక్కవా. రా అమ్మా, కూచో," అని పీట తెప్పించింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ మందు పిల్లని ఏం చేస్తుందో చెప్పాను. ఆవిడ చేపలు తిరగేస్తూ వింది. విన్నకొద్దీ మొహం ముడుచుకుపోయింది.

"మీ చెల్లికి వేసుకుని పతకం తెచ్చుకున్నారు. మా పిల్ల దాకా వచ్చేసరికి విషం అయిందా నర్సమ్మా?"

"మా చెల్లికి నేను వెయ్యలేదమ్మా. ఉప్పునీళ్ళు వేశాను."

ఆవిడ సముద్రం వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసింది.

"ఉప్పునీళ్ళకే పతకాలొస్తే మా ఊళ్ళో ఇంటికొకటి ఉండాల."

పక్కన చేపలు ఏరుతున్న ఆడవాళ్ళు నవ్వారు.  లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచింది.

"ఇదిగో అమ్మాయ్. నీది నిజమే అయితే మీ చెల్లిని తీసుకురా. ఆ పిల్ల నా ఎదురుగా చెప్పమను, నాకు ఎక్కించింది నీళ్ళేనని. ఆ రోజే మానిపిస్తా."

దారి అదొక్కటే. తేజకి చెప్పాలి. చెబితే అది కూలిపోతుందని నా భయం. తొంభై దగ్గర మళ్ళీ ఆగిపోతుందని, నా మొహం చూడదని. రెండు రోజులు తటపటాయించి, మూడో రోజు మధ్యాహ్నం కల్లంలో దాని పక్కన కూచున్నాను. ఆఖరి కోత కాయ. దుమ్ము లేచి కళ్ళు మండుతున్నాయి. ఇద్దరం మూతులకి గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నాం. ఎర్ర కాయలు ఒక పక్కకి, తెల్లగా పాలిపోయినవి ఒక పక్కకి.

"తేజా, నీకొకటి చెప్పాలే. నీకు వేసింది మందు కాదు. సెలైన్."

అది ఏరడం ఆపలేదు.

"ఏది?"

"అన్నీ."

"గుంటూరులో, ఆ పొద్దున వేసింది?"

"అదీ."

మూతి గుడ్డ కిందికి లాగింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని అరచేతులు చూసుకుంది. కాయలు కాసిన చోట చర్మం లేచి, కారం పట్టి ఎర్రగా ఉన్నాయి. నేను తిట్లకి సిద్ధపడి ఉన్నాను. కానీ దాని మొహం మెల్లగా తేటపడింది. చిన్నప్పుడు సైకిలు వెనక నేను పట్టుకోవడం మానేశానని కనిపెట్టినప్పుడు అలాగే ఉండేది. నా గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇంత తేలిగ్గా అయిపోతుందనుకోలేదు. "అదంతా నువ్వే ఎత్తావే. నీ బలమే," అన్నాను.

"అయితే అసలుది నా ఒంట్లోకి ఇంకా పోనేలేదు," అంది.

"లేదు. ఒక్క చుక్క పోలేదు."

"నీళ్ళకే తొంభై ఏడు ఎత్తానంటే, అసలుది వేస్తే ఎంత ఎత్తుతానే అక్కా?"

గుడ్డ మళ్ళీ మూతి మీదికి లాక్కుని కాయలు ఏరసాగింది.

వాడరేవు వచ్చి పున్నమ్మతో ఒక్క మాట చెప్పమని ఆ తర్వాత ఎంతో బతిమాలాను. "నా పతకం నీళ్ళతో వచ్చిందని ఊరూరా తిరిగి చెప్పాలా? ఇంకా నయం," అంది. నేను మందు వెయ్యనని తేల్చి చెప్పాను. దాంతో సంగతి అమ్మా నాన్నల దగ్గరికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే, డ్యూటీకి బయల్దేరబోతుంటే, నాన్న నన్ను వసారాలో కూచోబెట్టాడు. నేను అంతా చెప్పాను, వాడరేవులో చెప్పినట్టే. మా అమ్మ సుబ్బరావమ్మ స్తంభం పట్టుకుని నిలబడింది.

"పిల్లకేమన్నా అవుద్దా?" అని అడిగింది నాన్నని. నన్ను కాదు.

"నెల రోజులే కదా అంటున్నాడు కోచ్," అన్నాడు నాన్న. "ధర చూస్తిరి కదా ఈ ఏడు. పిల్లకి ఆ ఉద్యోగం ఒక్కటి వచ్చిందంటే..." ఆయన ఆగి, నా వైపు తిరిగి, గొంతు తగ్గించి చాలా ప్రేమగా అన్నాడు. "ఇంట్లో నర్సుండగా ఆ బుల్లయ్య సూది ఎందుకమ్మా. వాడు వేస్తే గడ్డలు కడతాయి. నువ్వైతే శుభ్రంగా వేస్తావు."

నేను నాన్న మొహం చూశాను. అందులో చెడ్డతనం ఏమీ లేదు. కూతురికి గడ్డ కట్టకూడదని మాత్రమే ఉంది. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయి పొయ్యి వెలిగించింది.

"వెయ్యను నాన్నా," అన్నాను.

బుల్లయ్య వేశాడు. సోమవారం, గురువారం. స్టీలు డబ్బా చేత్తో పట్టుకుని మా వాకిట్లోకి వచ్చేవాడు, అమ్మ కాఫీ ఇచ్చేది. మొదటి రోజు ఆ సూది కొనకి తుప్పు చూశాను. మర్నాడు నేనేం చేశానో చెప్తాను. మెడికల్ షాపులో కొత్త సిరంజిలు నాలుగు కొని, తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాను. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. గురువారం సాయంత్రం చూస్తే ఒకటి తగ్గింది. ఆ నాలుగూ అయిపోతే ఇంకో నాలుగు తెచ్చాను.

ఒక రోజు హాస్పిటల్ మేడ మీదికెళ్ళి, మందులు వాడే ఆటగాళ్ళ మీద ఫిర్యాదు చేసే నంబరుకి ఫోన్ చేశాను. అవతల ఎవరో ఆడమనిషి చాలా మర్యాదగా, "మీ పేరు, ఆ క్రీడాకారిణికి మీరేమవుతారో చెప్తారా?" అని అడిగింది. కట్ చేశాను. ఆ నంబరు నుంచి తిరిగి ఫోన్ వచ్చింది. ఎత్తలేదు.

జాతీయ పోటీలు ఏప్రిల్ చివర, ఎక్కడో ఉత్తరాదిలో. కోచ్ చెప్పిన తేదీకి తేజ మందు ఆపింది. మూత్ర పరీక్షకి ఎవరెవర్నో పిలిచారట, తనని పిలవలేదట. తొంభై తొమ్మిది ఎత్తింది. మూడో స్థానం, కంచు పతకం. ఆ వార్త నాన్న ఫోన్ స్పీకర్లో పెట్టి కల్లంలో అందరికీ వినిపించాడు. ఫోన్లో దాని గొంతు బొంగురుగా, లోతుగా వచ్చింది. "లైను సరిగా లేదు," అన్నాడు నాన్న. "ప్రయాణాల బడలిక," అంది అమ్మ. నేను లెక్క వేసుకుంటూ నిలబడ్డాను. ఉప్పునీళ్ళకి తొంభై ఏడు. అసలు దానికి తొంభై తొమ్మిది. ఆ రెండు కేజీల్లో మందు ఎంతో, మందు వేసుకున్నాననే ధైర్యం ఎంతో నాకు తెలియదు. దానికీ తెలియదు. కోచ్‌కి అసలే అక్కర్లేదు.

ఉద్యోగానికి ట్రయల్స్‌కి రమ్మని కాగితం మే నెలలో వచ్చింది. ఆ వారమే చీరాల్లో తేజకి సన్మానం పెట్టారు. అకాడమీ ముందు షామియానా వేసి, గేటుకి దాని ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. వచ్చినవాళ్ళలో సగం మంది ఆడపిల్లల తల్లిదండ్రులు. కూతుళ్ళని ముందు నిలబెట్టుకుని లక్ష్మీకాంత్ కోసం వరసలో ఉన్నారు. ఆయన ఒక్కొక్క పిల్ల భుజం నొక్కి చూస్తున్నాడు. తేజ స్టేజీ మీద శాలువా కప్పుకుని కూచుంది. మైకు ఇస్తే తీసుకోలేదు, దణ్ణం పెట్టి ఊరుకుంది. సిగ్గరి పిల్ల అని ఎవరో మెచ్చుకున్నారు. ఇంట్లో కూడా అంతే, అవసరమైతే తప్ప నోరు విప్పదు. నాతో అసలు విప్పదు. కోపం ఏమీ లేదు. నేను మాట్లాడిస్తే తలూపుతుంది.

నేను వెనక వరసలో కుర్చీలో కూచుని ఉంటే పున్నమ్మ వెతుక్కుంటూ వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. నా రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ చేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి.

"ఆ రోజు మాట తూలాను, ఏమీ అనుకోమాకమ్మా. కానీ నీ మాట వినుంటే మా పిల్ల వెనకబడిపోయేది. జిల్లాలో ఫస్టు వచ్చింది, తెలుసా? మీ చెల్లి దారే." పక్కకి తిరిగి కూతుర్ని ముందుకి లాగింది. "నమస్తే చెప్పవే అక్కకి."

శ్రీదివ్య మొహం నిండా మొటిమలు. పౌడరు రాసుకుంది, అది వాటి మీద నిలవలేదు. చెంపల పక్కన సన్నగా నూగు నల్లబడింది. నా కళ్ళలోకి చూడకుండా చేతులు జోడించింది.

"నమస్తే అక్కా."

ముందు కుర్చీలో మగాయన ఒకడు వెనక్కి తిరిగి, ఎవరా అని చూశాడు. ఆ పిల్ల తల దించుకుంది.

"గొంతు రాసుకుపోయిందమ్మా దీనికి," అంది పున్నమ్మ. ఆవిడ నవ్వుతూనే ఉంది గానీ నా చేతులు వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది. "నెలయింది. మిరియాల కషాయం పోస్తున్నాను. నువ్వు నర్సువి గదా, నువ్వు చెప్పు. తగ్గిపోద్దా?"

ఒకసారి అలా మారిన గొంతు మళ్ళీ వెనక్కి రాదు. మందు ఆపినా రాదు. అది నాకు తెలుసు. ఆ పిల్ల తలెత్తి, మొదటిసారి నా కళ్ళలోకి చూసింది.

"తగ్గిపోతుందిలెండి," అన్నాను.